పొగకు త్రోవ: సికింద్రాబాదు పెరటికట్టడములలో కట్టెలపొయ్యి

సికింద్రాబాదు దండుప్రాంతమున నేటికిని మిగిలియున్న పాతబంగళాలను తిరిగి చూచినవారికి, ఆ కట్టడముల కర్తలు పొగను పైకి పంపుటకంటె దూరముగా నుంచుటయే సులభోపాయమని తలంచిరన్న సంగతి స్పష్టముగా గోచరించును. 1798 నాటి సైన్యసహకారసంధి వెంట వచ్చి హుస్సేనుసాగరమున కుత్తరమున విడిసిన కుంఫిణీ పటాలముల శిబిరమునకు 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరు పెట్టిననాడు అక్కడ స్థలమునకు కొదువ యెక్కడిది? బంగళా చుట్టును విశాలమైన ఆవరణము. నడుమ దొరగారి నివాసము. వెనుకగోడ నానుకొని గుఱ్ఱపుసాల, నౌకర్ల గదులు, వాని సరసన వంటసాల. పొగయు, మసియు, పోపుల ఘాటును, నిప్పుభయమును అల్లంత దూరమున నిలిచిపోవును; సగము చల్లారిన భోజనము మాత్రము నౌకర్ల చేతులమీదుగా బల్లకడకు వచ్చును.

ఈ పద్ధతి యొక్క పరాకాష్ఠను చూడగోరువారు బొల్లారము పోవలెను. 1860లో కట్టబడి, బ్రిటిషు రెసిడెంటుకు విడిదిగా నుండి, నేడు రాష్ట్రపతి నిలయమని పిలువబడు నా యొంటియంతస్తు భవనము తొంబది యెకరముల తోటలో నున్నది. దాని వంటసాల వేఱొక కట్టడము. వండిన పదార్థములు ఎండవానల పాలుగాక భోజనశాలకు చేరుటకై ఆ రెంటికిని నడుమ నేలక్రింద ఒక సొరంగము త్రవ్వబడినది. 2023 మార్చి మొదలుకొని ఏడాది పొడవునను సందర్శకులను లోనికి విడుచుచున్నారు గనుక, ఇప్పుడు చేర్యాల చిత్రములతో నలంకరింపబడిన యా మార్గమున నెవరైనను నడచి చూడవచ్చును. వంటసాలను వేఱుచేయుటకు పొగ యొక్కటియే కారణము కాదు గాని, పొగను వెళ్లగొట్టుటకు బదులు అన్నమునకే సొరంగము త్రవ్వుకొన్న యా కాలపు ధోరణికి ఇంతకంటె నిదర్శనము మఱియొకటి దొరకదు. అట్టి వంటసాలలు ఎంత చీకటిగా, ఎంత గాలి లేక యుండెడివో తెలిసికొనగోరువారు, వైవర్న్ అను మాఱుపేరుతో మదరాసు సైన్యాధికారియగు కెన్నీ-హెర్బర్ట్ 1878లో ప్రకటించిన పాకగ్రంథమున హిందూదేశపు వంటసాలలనుగూర్చిన ప్రకరణమును చదువవచ్చును. రుచులనుగూర్చి వ్రాయ బూనిన యా రచయిత, గదిని చక్కబెట్టనిదే వంట చక్కబడదని గ్రహించి, ప్రత్యేకముగా ఆ విషయమునకే కొన్ని పుటలు కేటాయించినాడు.

దూరమను నా యుపాయము నేడు చెల్లదు. మారేడుపల్లిలోను, కార్ఖానాలోను, సైనికపురిలోను ఒకనాటి ఆవరణములు తునకలై, తునకలపై అయిదంతస్తుల భవనములు లేచినవి. పెరటిలో మిగిలిన అవుట్‌హౌసునకును పొరుగువాని పడకగది కిటికీకిని నడుమ నొక సందు మాత్రమే యున్నది. అట్లయ్యును ఆ యవుట్‌హౌసులో కట్టెలపొయ్యి పెట్టవలెనను కోరిక మాత్రము తగ్గకపోగా ఇటీవల పెరుగుచున్నది. దూరము పోయినపిమ్మట మిగిలిన యుపాయము ఎత్తు ఒక్కటియే. పొయ్యి నెన్నుకొని పిదప గొట్టమునుగూర్చి యాలోచించుట మనవారి యలవాటు. నా యభిప్రాయమున అది తలక్రిందుల పద్ధతి. కప్పుపైని ఆకాశమునుండి మొదలిడి క్రిందికి దిగుచు, చిట్టచివర పొయ్యి నెన్నుకొనవలెను.

అసలు ఈ యూరిలో కట్టెలపొయ్యి దేనికి? చలి కాచుకొనుటకు మాత్రము కాదు. బేగంపేట వాతావరణశాల పుస్తకములలో కెక్కిన యత్యల్ప ఉష్ణోగ్రత 1946 జనవరి 8వ తేదీన 6.1 డిగ్రీలు, సాధారణముగా పుష్యమాసపు తెల్లవారుజామున పదునాలుగు డిగ్రీలకు దిగినచో ఉన్నికుల్లాయిలు బయటికి వచ్చును. కావున చలిదేశములవారు గదిని వెచ్చబఱుచుటకై వ్రాసికొన్న పుస్తకములలోని సూత్రములను ఉన్నవి యున్నట్లు ఇచటికి తెచ్చుట తగదు. ఇచట కట్టెలపొయ్యికి గల ప్రయోజనములు వేఱు. ఒకటి వేడినీళ్లు: నడుమ గొట్టముగల రాగిబాయిలరులో కట్టెపుల్లలు వేసి నీళ్లు కాచుట అనేక కుటుంబములలో నేటికిని సాగుచున్నది, దానికి పొగగొట్టము పుట్టుకతోనే కలదు. రెండవది భట్టీ. ఇరానీ హోటళ్లకు బన్నులు, ఉస్మానియా బిస్కత్తులు అందించు పాత బేకరీల మాట యటుంచి, ఇంటిపట్టున రొట్టెలు కాల్చి అమ్ముకొను గృహిణులును, పీజాల ముచ్చట తీర్చుకొను యువకులును ఇప్పుడు ఇటుకభట్టీలు కట్టించుచున్నారు. మూడవది విస్తారమైన వంట. 2010లో భౌగోళికసూచికను పొందిన హైదరాబాదు హలీమునకు ఇటుకయు మట్టియు కూర్చిన భట్టీపై, కట్టెలసెగను, పండ్రెండు గంటల వఱకు నుడికించుట నియమము. పెండ్లివంటవారికి గాడిపొయ్యి యుండనే యున్నది. ఈ మూడవజాతి ఆరుబయటనో పందిరిక్రిందనో సాగును గనుక దానిని విడిచిపెట్టుదము; కప్పుగల గదిలోనికి నిప్పు వచ్చినపుడే చిక్కు.

గదిలోని పొగ మనకు క్రొత్త సమస్య కాదు, దానికి సమాధానమును వెదకినవారిలో మన యూరివాడే యొకడుండెనన్న సంగతిని మనము మఱచిపోయితిమి. హైదరాబాదు ఇంజినీరింగు పరిశోధనాలయమున పనిచేసిన డాక్టరు ఎస్. పి. రాజు, 1950ల తొలినాళ్లలో, మట్టితోను ఇటుకతోను ఎవరైనను కట్టుకొనదగిన పొగలేని పొయ్యి నొకదానిని రూపొందించి, ఆ పరిశోధనాలయము పేరులోని ఆంగ్ల పొడియక్షరములను బట్టి దానిని హెర్ల్ చూలా యనిరి. దాని నిర్మాణవిధానమును కోట్లాదిజనుల వంటిండ్లకై ఉద్దేశించిన యొక చిన్నపుస్తకముగా మదరాసులో అచ్చువేయించిరి. అంతకు కొలదిగా ముందు వార్ధాలోని మగన్‌వాడీనుండి మగన్ చూలా వెలువడియుండెను. ఈ పొయ్యిల తత్త్వమొక్కటే: మంటను మూసిన గదిలో నుంచి, వేడిగాలిని ఒక పాత్ర క్రిందనుండి మఱియొక పాత్ర క్రిందికి నడిపించి, దాని సత్తువను పిండుకొన్నపిమ్మట గొట్టముద్వారా పైకి సాగనంపుట. స్త్రీలకు పొగనుండియు, మసినుండియు, సెగనుండియు, దుబారానుండియు, అగ్నిప్రమాదమునుండియు విముక్తి కలిగింపవలెనని రాజుగారు అయిదు స్వాతంత్ర్యములను చెప్పిరి. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన క్రొత్తరోజులలో వంటింటికి కూడ ఆ మాటను వర్తింపజేసిన యా శాస్త్రజ్ఞుని రాజకీయజ్ఞానమును మెచ్చుకొనవలసినదే.

పిదప 1983లో కేంద్రప్రభుత్వము మెఱుగైన పొయ్యిల కార్యక్రమము నారంభించి దేశమంతటను కోట్లసంఖ్యలో పంచి, 2002లో చాలించినది. 1999లో ఆంధ్రప్రదేశమున దీపము పథకమును, 2016లో ఉజ్జ్వల పథకమును వచ్చి, గొట్టముమాట వెనుకబడి గ్యాసుబండ ముందుకు వచ్చినది. నిత్యపాకమునకు గ్యాసును మించినది లేదని నేనును ఒప్పుకొందును. ఇక్కడి ప్రసంగము అప్పుడప్పుడు వెలిగించు పెరటిపొయ్యిని గూర్చినది. కాని రాజుగారి పొయ్యి చెప్పిన పాఠము దానికిని వర్తించును: పొయ్యి ఊపిరి గొట్టములో నున్నది.

ఆ ఊపిరి ఎంత దుర్బలమైనదో అంకెలలో చూచినగాని తెలియదు. వేడిగాలి తేలికగుటచే పైకి లేచును, దాని చోటికి చల్లగాలి పొయ్యినోటినుండి లోనికి వచ్చును. ఈ యాకర్షణబలము గొట్టముయొక్క ఎత్తును బట్టియు, లోపలివెలుపలి ఉష్ణోగ్రతల భేదమును బట్టియు నుండును. అయిదు మీటర్ల గొట్టములో పొగ సగటున 200 డిగ్రీల వేడిలో నుండి వెలుపల 15 డిగ్రీలున్నయెడల, ఈ యూరు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల యెత్తున నుండుటను గూడ లెక్కగట్టినచో, ఆ బలము ఇంచుమించు 22 పాస్కళ్లు మాత్రమే. అనగా రెండు మిల్లీమీటర్ల పైచిలుకు నీటిమట్టము కలిగించు నొత్తిడి. మేనెల మధ్యాహ్నము వెలుపల 40 డిగ్రీలున్నపుడు అది 18కి లోబడును. జనవరిలో చక్కగా లాగిన పొయ్యి వేసవిలో గదినిండ పొగ క్రక్కుచున్నదని మేస్త్రీని నిందించువారు ఈ భేదమును గమనింపవలెను. ఇంత సుకుమారమైన బలమును ఒక వంపు కొంత హరించును, ఒక అడ్డగొట్టము మఱికొంత హరించును, గదిలో తిరుగు ఎగ్జాస్టు ఫ్యాను పూర్తిగా హరించి పొగను వెనుకకు లాగును. కట్టెలపొయ్యి గల గదిలో ఎగ్జాస్టు ఫ్యాను పెట్టుట చాలమంది చేయు తప్పు. పొగ వచ్చుచున్నదని ఫ్యాను పెట్టుదురు, ఫ్యాను పెట్టుటచేతనే పొగ వచ్చును.

కావున ఎత్తునుగూర్చి మొదట నిర్ణయింపవలెను. పాశ్చాత్యదేశముల నియమములలో మనకు నేరుగా పనికివచ్చునది యొకటి యున్నది: గొట్టపు కొన కప్పును చీల్చుకొని వచ్చినచోటికి మూడడుగులకు తక్కువగాక యుండవలెను, చుట్టును పదియడుగుల లోపల నున్న దేనికంటెను రెండడుగులు ఎత్తుగా నుండవలెను. పొయ్యినుండి కొనవఱకు మొత్తము నాలుగున్నర మీటర్లైనను లేనిదే లాగుడు నిలకడగా నుండదని పొయ్యిల తయారీదారులు సాధారణముగా చెప్పుదురు. ఒంటిగది అవుట్‌హౌసు పదియడుగులకు మించి యుండదు గనుక, ఈ లెక్కకు గొట్టము కప్పుపైన నిలువెత్తున లేచి కనబడవలసినదే. దానిని కుఱచచేసి అందము నెంచువారు పొగను ఇంటిలోనికి పిలుచుకొనుచున్నారు. జూన్ మొదలు సెప్టెంబరు వఱకు పడమటినుండియు నైఋతినుండియు గాలి వీచును, చలికాలమున తూర్పుగాలి. ఎత్తైన గోడకు గాలిమఱుగున గొట్టమున్నచో ఆ గోడమీదినుండి దొర్లిపడు గాలి పొగను త్రోసివేయును. కాబట్టి ఆవరణములో చోటు ఎన్నుకొనుటకు రెండు ఋతువులలోను కప్పుపైకెక్కి గాలిని చూచుట మంచిది. కాగితముపై గీసిన ప్లాను ఈ సంగతి చెప్పదు.

పిదప కప్పు. సికింద్రాబాదు పెరటికట్టడములకు నాలుగు విధములైన కప్పులు కలవు. మంగళూరు పెంకుల కప్పుక్రింద టేకు వాసాలుండును. మదరాసు మిద్దెకు టేకు దూలములపై ఇటుకయు సున్నమును. ఈ రెంటిలో కలప యున్నది గనుక ప్రమాదము మౌనముగా పెరుగును: వేడికి దగ్గరగా నున్న కొయ్య ఏండ్లకేండ్లు ఎండి, మాడి, తుదకు చాల తక్కువ వేడికే అంటుకొను స్థితికి వచ్చును, మొదటి సంవత్సరము ఏమియు కాలేదన్న ధైర్యము ఇచట పనికిరాదు. ఒంటిపొర యినుపగొట్టమునకును కొయ్యకును నడుమ పదునెనిమిది యంగుళముల యెడము కావలెను; అంత కుదరనిచోట లోపల వేడినాపు పదార్థము కూరిన రెండుపొరల గొట్టము తప్ప గత్యంతరము లేదు. మూడవది సిమెంటు రేకు. ఆస్‌బెస్టాసు చేర్చిన పాతరేకును కోసినచో వెలువడు దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. పైగా అది వేడికి పెళపెళ పగులును. ఆ రేకుకు రంధ్రము చేయుటకంటె ఆ భాగమున రేకునే తీసి ఇనుపరేకు వేయుట తెలివి. నాలుగవది కాంక్రీటు స్లాబు. దానిని తొలిచినచో కమ్మీ తెగును, వానాకాలమున ఆ చుట్టును కారును.

ఇన్ని తిప్పలు పడుటకంటె కప్పును తాకకయే పని సాగించుట మేలుకాదా యని యడుగవచ్చును. మేలే. గొట్టమును పొయ్యి వెనుకగోడనుండి బయటికి తీసి, గోడవెంట పైకి లేపినచో కప్పు చెక్కుచెదరదు. చలిదేశములలో దీనిని నిరుత్సాహపఱుతురు, ఏలయన అచట బయటిచలికి పొగ చల్లారి లాగుడు తగ్గును, గొట్టములోపల తారువంటి మసి పేరుకొనును. మన యూరిలో ఆ యభ్యంతరమునకు సగము బలము పోయినది. ఈ విషయమున విదేశీగ్రంథములను ప్రక్కకు నెట్టి, ఇటుకతో కట్టిన బయటి ధూమనాళమునే నేను సమర్థింతును: తొమ్మిదంగుళముల గోడ, లోపల నునుపైన గచ్చుపూత, అడుగున మసి తీయుటకు తలుపు. ఐతే గోడలోనికి పోవు అడ్డభాగము ఆరంగుళములకు మించరాదు, వంపు నలుబదియైదు డిగ్రీలకు మించరాదు. గొట్టము వ్యాసము పొయ్యి నోటికి తగ్గరాదు. ఆరంగుళముల నోటికి నాలుగంగుళముల గొట్టము తగిలించి చౌకచేసిన పనిని వెల్డింగు షాపులలో తఱచు చూచుచుందుము.

లోహపుగొట్టమే కావలెననువారికి ఒక మాట. బజారులో సులభముగా దొరకునది గాల్వనైజు గొట్టము. పొయ్యికి సమీపమున దాని తుత్తునాగపు పూత వేడికి చెడి హానికరమైన ఆవిరి విడుచును. మొదటి మీటరైనను మందమైన నల్లయినుముతోనో స్టెయిన్‌లెస్ స్టీలుతోనో చేయింపవలెను. పైన వానటోపీ యుండవలెను గాని, అది గొట్టపునోటిని బిగించినట్లు కూర్చుండరాదు. వ్యాసములో సగమెత్తైనను ఖాళీ విడువనిచో వాన రాదు, పొగయు పోదు. పిచ్చుకలును పావురములును గూడు పెట్టకుండ వెడల్పుకన్నుల జాలి చుట్టుట యవసరము. సన్నజాలి కొన్నాళ్లకే మసిపట్టి మూసికొనిపోవును.

గదిలోనికి గాలి వచ్చుత్రోవ నెవరును ఆలోచింపరు. కిలో కట్టె కాలుటకు ఆచరణలో పది ఘనమీటర్ల గాలి కావలెను. తలుపు మూసి, కిటికీకి అద్దము బిగించిన చిన్నగదిలో ఆ గాలి యెక్కడనుండి వచ్చును? తెలియకుండ ప్రాణము తీయు కార్బన్ మోనాక్సైడు అట్టిచోటనే పుట్టును. పాతవంటిండ్ల గవాక్షములను నాగరికత పేర మూసివేసినవారు, నేల దగ్గర మూయ వీలులేని జాలకమొకటి పెట్టించి ఆ లోటు తీర్చుకొనవలెను.

కట్టెల మాట క్లుప్తముగా చాలును. తుమ్మయు చింతయు నిలుకడగా కాలి మంచి నిప్పు నిచ్చును. సరుగుడు త్వరగా అంటుకొనును. పచ్చికట్టెలో సగమువఱకు నీరే యుండును; అది యిరువది శాతమునకు దిగినపిమ్మటనే పొయ్యిలో వేయదగినది. అడితిలో ఎండినదని చెప్పినను జూలైలో కొన్నది ఎండినది కాదు. మృగశిర కార్తెకు ముందే కొని, గాలిసోకునట్లు కప్పుక్రింద పేర్చుకొన్నవానికి పొగబాధ సగము తీరును.

ఇక పొరుగువారు. కంటోన్మెంటు హద్దులలో బంగళాలు పెక్కింటికి నేల ప్రభుత్వమునది, కట్టడము మాత్రము అనుభవదారునిది. అట్టిచోట చిన్న మార్పునకైనను 2006 నాటి కంటోన్మెంటుల చట్టము క్రింద బోర్డునకు ముందుగా తెలిపి అనుమతి పొందవలెను. హద్దులకు వెలుపల నగరపాలకసంస్థ నియమములు. ఈ యనుమతులు దుర్లభములు కావు. దుర్లభమైనది పొరుగువాని యూపిరితిత్తుల యనుమతి. పదునైదడుగుల గొట్టము మీ కప్పుకంటె ఎత్తైనదే, కాని ప్రక్కభవనపు రెండవయంతస్తు కిటికీకి సరిగా నెదుట నిలిచియుండును. గొట్టము పొగను నిర్మూలింపదు, దానిని మఱియొకచోటికి చేర్చును. పదియడుగుల నియమము ఒంటియంతస్తుల యూరికై పుట్టినది. ముప్పది యడుగుల దూరమున అయిదంతస్తుల భవనమున్నపుడు, గాలి అటు వీచు నెలలలో పొయ్యి వెలిగింపక యుండుట తప్ప ఏ గొట్టమును చాలదు. అట్టి ఆవరణమున నిత్యవ్యాపారమునకై కట్టెలభట్టీ పెట్టదలచినవారికి విద్యుత్తు భట్టీనో గ్యాసు భట్టీనో కొనుడని నిస్సంకోచముగా చెప్పుదును. తిరుమలగిరి, బొల్లారము వైపు ఇంకను చెట్లు, చేమలు, ఖాళీ మిగిలిన ఆవరణములలో ఈ యభ్యంతరము లేదు.

అన్నియు కుదిరి కట్టినపిదప మిగులునది నిర్వహణ. ఒడిశా గ్రామములలో పొగగొట్టముగల మట్టిపొయ్యిలను పంచి, ఆర్థికశాస్త్రజ్ఞురాలగు ఎస్తేర్ దుఫ్లోయు ఆమె సహపరిశోధకులును నాలుగేండ్లు వెంబడించి చూచినపుడు, మొదటి సంవత్సరమున స్త్రీల శ్వాసలోనికి పోవు పొగ కొంత తగ్గినను, పిదప ఆ లాభము నిలువలేదని తేలినది; గొట్టములు మసిపట్టినవి, పొయ్యిలు పగిలినవి, బాగుచేసికొనువారు లేకపోయిరి. పొయ్యిల పథకములను తప్పుపట్టుటకు దీనిని పలువురు ఉదాహరింతురు. నాకు మాత్రము ఇది చీపురులేని యింటి కథవలె తోచును. ఆంగ్లదేశమున గొట్టములు ఊడ్చుట యొక వృత్తి. అందుకై చిన్నపిల్లలను గొట్టములలోనికి ఎక్కించిన ఘోరము 1875 నాటి చట్టముతో గాని అంతము కాలేదు. మన యూరిలో అట్టి వృత్తివారు లేరు, ఆ పని యజమానిదే. కొబ్బరిపీచు కట్టకు ఇనుపబరువు వ్రేలాడదీసి, త్రాటితో పైనుండి దించి లాగినచో చాలును. వానలకు ముందొకసారి, దీపావళి దాటినపిమ్మట నొకసారి. గొట్టపు లోగోడపై మసి మూడు మిల్లీమీటర్ల మందమునకు చేరినచో ఆ గడువులవఱకు ఆగరాదు, ఏలయన తారుపట్టిన మసి తానే యంటుకొని గొట్టమంతయు మండును. రాలిన మసిని తీయుటకు అడుగున ఊడదీయదగిన మూతయొకటి యుండవలెను. ఆ మూతకును ప్రహరీగోడకును నడుమ మనిషి కూర్చుండి చేయి చాపునంత జాగా విడువవలెనని, పునాది గీత గీయకముందే మేస్త్రీకి చెప్పవలెను.